అమెరికాలో టెక్స్ట్ మెసేజ్‌లో ఫొటోలు రావట్లేదు, పోవట్లేదు (వాట్సాప్ గురించి కాదు)

కాకినాడ_మాస్టారు · శనివారం ఉదయం 8:10

అందరికీ నమస్కారం. మా అమ్మాయి దగ్గరికి టెక్సస్ వచ్చి ఉన్నాం, నేనూ మా ఆవిడా. ఊరు ఫ్రిస్కో. నా ఫోన్ ఇండియాలో కొన్న ఆండ్రాయిడ్, రెండు సిమ్ములది. ఒకటి మన నంబరు, బ్యాంకు ఓటీపీల కోసం తీయకుండా ఉంచాను. రెండోది ఇక్కడి ప్రీపెయిడ్.

పొద్దున్నే మనవరాలిని స్కూలు బస్సు ఎక్కించే డ్యూటీ నాది. ఆ స్టాపుకి వచ్చే తల్లిదండ్రులంతా ఒక గ్రూపు పెట్టుకున్నారు, నన్నూ కలిపారు. వాట్సాప్ కాదండీ, మామూలు మెసేజ్‌లే. ఎవరైనా నాకు విడిగా ఒక ముక్క రాస్తే వెంటనే వస్తుంది. గ్రూపులో వేసింది మాత్రం ఏదీ తెరుచుకోదు. బూడిదరంగు గడి, అందులో కిందికి బాణం. నొక్కితే గుండ్రంగా తిరుగుతుంది, కాసేపటికి మళ్ళీ బాణమే. నిన్న హాలోవీన్ వేషంలో పిల్లల ఫొటో ఎవరో పెట్టారట. అందరూ చూశారు, తాత తప్ప. పెరట్లో పూసిన గులాబీ ఫొటో నేను పంపితే ఎర్ర గుర్తు వేసి "వెళ్ళలేదు" అంటోంది.

ఇంట్లో వైఫై బ్రహ్మాండంగా ఉంది. యూట్యూబ్ ఆగకుండా వస్తోంది. మరి ఫొటోకి వచ్చిన రోగమేమిటి?

ఓరుగల్లు_పోరడు · శనివారం ఉదయం 8:31

మాస్టారూ, గా గ్రూపోళ్లందరిని వాట్సాప్ ఏసుకొమ్మని చెప్పున్రి. లొల్లి ఖతం. ఈ కాలంల గూడ ఎంఎంఎస్ ఏంది సార్!

నెల్లూరు_వదిన · శనివారం ఉదయం 8:58

తమ్ముడూ, నువ్వు హనుమకొండలో కూర్చుని చెప్పినంత తేలిక కాదు. నేనిక్కడ న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటున్నా. మావాడి సాకర్ కోచ్‌కి ఒకసారి వాట్సాప్ గ్రూపు లింకు పంపించా. "ఇదేం యాప్, నా దగ్గర లేదే" అని మర్యాదగా వదిలేశాడు. మనకు అక్కడ ఎస్ఎంఎస్‌కి పైసలు పడే రోజుల్లో వాట్సాప్ వచ్చింది, అందుకని ఎగబడ్డాం. వీళ్లకి అప్పటికే ప్లానులో మెసేజ్‌లు ఉచితం. ఇంకో యాప్ ఎందుకు వేసుకుంటారు? డెంటిస్టు, ప్లంబరు, స్కూలు అందరూ టెక్స్టే. ఊరికి ఒక ఆచారం.

మాస్టారు గారూ, ఒక్క సంగతి చెప్పండి. డేటా అయిపోతుందని మొబైల్ డేటా ఆపేసి పెట్టుకున్నారా? మా అత్తమామలు వచ్చినప్పుడు విమానం దిగీ దిగకముందే చేసిన మొదటి పని అదే.

టవర్_తాత · శనివారం ఉదయం 9:40

వదిన సరిగ్గా పట్టింది. టెలికాంలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి అసలు లోపల ఏం జరుగుతుందో కాస్త చెబుతాను. ఒకసారి తెలిస్తే మిగతావన్నీ మీరే పట్టేస్తారు.

విడిగా వచ్చే మాట ఎస్ఎంఎస్. అది కాల్ సిగ్నళ్ళు పోయే దారిలోనే పోతుంది, ఇంటర్నెట్‌తో పని లేదు. అందులో పట్టేది 140 బైట్లే. ఇంగ్లీషు అయితే 160 అక్షరాలు, తెలుగు అయితే 70. ఆ 70 కూడా మనం లెక్కపెట్టినట్టు కాదు. "శ్రీ" మన కంటికి ఒకటే, దాని లెక్కలో నాలుగు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఇంగ్లీషు మెసేజ్ చివర ఒక్క బొమ్మ గుర్తు తగిలించినా 160 కాస్తా 70కి పడిపోతుంది.

ఇంత ఇరుకు దాంట్లో ఫొటో ఎక్కడ పడుతుంది? అందుకే 2002లో ఎంఎంఎస్ తెచ్చారు. మీరు ఫొటో పంపితే అది అవతలివాళ్ళ ఫోనుకి నేరుగా పోదు. కంపెనీవాళ్ళ ఎంఎంఎస్ సెంటర్‌కి చేరి అక్కడ కూర్చుంటుంది. అవతలి ఫోనుకి ఎస్ఎంఎస్ దారిలో ఒక చిన్న కబురు మాత్రం వెళుతుంది: "నీకొకటి వచ్చింది, ఫలానా చోట ఉంది, వచ్చి తీసుకో." పోస్టుమాన్ పార్సిల్ బదులు చీటీ ఇచ్చి వెళ్ళినట్టు. మాస్టారికి కనిపిస్తున్న బూడిద గడి ఆ చీటీ. ఫోను వెళ్ళి పార్సిల్ తెచ్చుకోవాలి, దానికి దారి మొబైల్ డేటా. ఇంటి వైఫై కాదు. చాలా కంపెనీల ఎంఎంఎస్ సెంటర్ వాళ్ళ సొంత నెట్‌వర్క్ లోపలే ఉంటుంది, బయటి ఇంటర్నెట్ నుంచి దానికి తలుపు ఉండదు. యూట్యూబ్ ఎంత బాగా ఆడినా అందుకే లాభం లేదు.

ఇంకో కొసరు. గ్రూపులో ఎవరైనా ఉత్త "ఓకే" అని కొట్టినా అది ఎంఎంఎస్‌గానే వస్తుంది. ఒకే మెసేజ్ ఇంతమందికి, జవాబు మళ్ళీ అందరికీ అన్న ఏర్పాటు ఎస్ఎంఎస్‌లో లేదు. అందుకే మీకు విడి మాటలు వస్తున్నాయి, గ్రూపు మాటలు రావట్లేదు.

ఓరుగల్లు_పోరడు · శనివారం ఉదయం 9:52

తాతా, మస్తు సమజైంది. నా మాట నేను వాపస్ తీసుకోను గని.

కాకినాడ_మాస్టారు · శనివారం ఉదయం 10:25

వదినగారూ, మీకు దివ్యదృష్టి ఉన్నట్టుంది. "ఇల్లంతా వైఫై ఉండగా డేటా ఎందుకు మావయ్యగారూ" అని మా అల్లుడే ఆపించాడు. ఇప్పుడు డేటా వేశాను. ఫోను పైన 5జీ అని పడింది. బాణం నొక్కాను. ఇంకా తిరుగుతూనే ఉంది. గులాబీ కూడా కదలడం లేదు.

ఆస్టిన్_కుర్రాడు · శనివారం ఉదయం 10:50

మాస్టారు గారూ, ముందు ఒక హెచ్చరిక. డేటా వేసేముందు అది ఏ సిమ్ముది అన్నది చూసుకోండి. మన ఇండియా సిమ్ మీద డేటా రోమింగ్ ఆన్ అయిందంటే బిల్లు చూసి మీరే తిరుగు విమానం ఎక్కేస్తారు. సెట్టింగ్స్‌లో సిమ్స్‌కి వెళ్ళి, మొబైల్ డేటాకి ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్మే ఎంచుకోండి. ఇండియా సిమ్‌కి డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉందని రూఢి చేసుకోండి. ఎంఎంఎస్ ఏ నంబరుకి వచ్చిందో ఆ సిమ్ డేటాతోనే దిగాలి. డేటా రెండో సిమ్ మీద ఉంటే కొన్ని ఫోన్లు కాసేపు అటు మారి తెచ్చుకుంటాయి, కొన్ని మారవు.

అది సరిగ్గానే ఉంటే తప్పు ఏపీఎన్‌లో, అంటే ఫోన్‌కి సిమ్ కంపెనీ డేటా దారి చూపే సెట్టింగ్‌లో, ఉండొచ్చు. అదే సిమ్ పేజీలో కిందికి వస్తే "యాక్సెస్ పాయింట్ నేమ్స్" అని ఉంటుంది. శాంసంగ్ అయితే కనెక్షన్స్, మొబైల్ నెట్‌వర్క్స్ లోపల. తెరిస్తే ఒకటో రెండో పేర్లు కనిపిస్తాయి. చుక్క పెట్టి ఉన్నదాన్ని నొక్కి కిందికి లాగితే "ఏపీఎన్ టైప్" అనే గడి వస్తుంది. అందులో ఏముందో ఇక్కడ రాయండి. దాంతోపాటు "ఎంఎంఎస్‌సీ" (తాతగారు చెప్పిన ఎంఎంఎస్ సెంటర్) అనే గడి ఖాళీగా ఉందా, ఏదైనా చిరునామా ఉందా కూడా.

ఇక్కడే కొన్న ఫోన్లో సిమ్ వేయగానే ఇవన్నీ వాటంతట అవే నిండుతాయి. బయటి దేశం ఫోనులో, ముఖ్యంగా పెద్ద కంపెనీల టవర్లు అద్దెకు తీసుకుని నడిపే చిన్న ప్రీపెయిడ్ కంపెనీల సిమ్ వేసినప్పుడు, ఇంటర్నెట్ వరకు నింపి ఎంఎంఎస్ సంగతి వదిలేయడం మామూలే. నెట్ ఆడుతోంది కదా అని ఎవరికీ అనుమానం రాదు.

సీమ_సత్తెన్న · శనివారం రాత్రి 11:05

ఏపీఎన్ మాట వింటానే పాత రోజులు గుర్తొచ్చినాయి. అనంతపురంలో మాది సెల్ పాయింట్. నోకియా 6600 ఆడిన కాలం. కెమెరా ఫోను కొన్నోడు మూడో రోజుకే వచ్చి నిలబడేటోడు, "అన్నా, ఫోటో పోవట్లేదన్నా" అని. కంపెనీకి మెసేజ్ కొడితే సెట్టింగ్స్ ఒక మెసేజ్‌గా వచ్చేవి. తెరిస్తే పిన్ అడిగేది, 1234 కొట్టి సేవ్ చేసేటోళ్లం. ఫోను ఒకసారి ఆపి వేస్తే అప్పుడు కదిలేది.

అంతా చేసినాక కూడా అవతలోడిది ఫోటో చూపించని నల్లబిళ్ల ఫోనైతే ఫోటో పోయేది కాదు. వానికి లింకు, పాస్‌వర్డ్ ఉన్న ఉత్త మెసేజ్ పోయేది. అది పట్టుకోని నెట్ సెంటర్‌కు పోయి చూసుకోవాల. ఒక్కో ఫోటోకు మూడో ఐదో రూపాయలు. జనం రెండుసార్లు ముచ్చట తీర్చుకోని బ్లూటూత్‌కు మారిపోయినారు. రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టుకోని ఫోటో ఎక్కేదాకా కదలకుండా కూర్చునేటోళ్లు మా బెంచీ మీద. మన దేశంలో ఎంఎంఎస్‌ను వాట్సాప్ చంపిందంటారు గానీ, దానికి ముందే బ్లూటూత్ సగం చంపిపెట్టింది అనేది నా మాట.

కాకినాడ_మాస్టారు · ఆదివారం ఉదయం 7:45

ఆస్టిన్ బాబూ, డేటా ఇక్కడి సిమ్ మీదే ఉంది, రోమింగ్ ఆఫ్. ఏపీఎన్ టైప్ గడిలో "డిఫాల్ట్" అన్న ఒక్క మాటే ఉంది. ఎంఎంఎస్‌సీ దగ్గర "నాట్ సెట్" అని ఉంది.

ఆస్టిన్_కుర్రాడు · ఆదివారం ఉదయం 8:20

దొరికింది. ఉన్నదాన్ని చెరపొద్దు, పైన ఉన్న కూడిక గుర్తు నొక్కి కొత్త ఏపీఎన్ చేయండి. మీ సిమ్ కంపెనీ వెబ్‌సైట్లో "ఏపీఎన్ సెట్టింగ్స్" అని వెతికితే ఒక పట్టిక ఉంటుంది. పేరు, ఏపీఎన్, ఎంఎంఎస్‌సీ చిరునామా అక్షరం పొల్లు పోకుండా అందులోంచి ఎక్కించండి. ప్రాక్సీ, పోర్టు అందులో ఖాళీగా ఉంటే ఇక్కడా ఖాళీగానే వదిలేయండి. టైప్ గడిలో డిఫాల్ట్ (ఇంటర్నెట్‌కి), ఎస్‌యూపీఎల్ (లొకేషన్‌కి), ఎంఎంఎస్ మూడూ ఉండాలి. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో కామాలు, ఎక్కడా ఖాళీ ఉండకూడదు. కామా తర్వాత కీబోర్డు తనంతట తానే ఖాళీ పెట్టేస్తుంది, అది చూసి తీసేయండి. తర్వాత మూడు చుక్కలు నొక్కి "సేవ్". వెనక్కి బాణం నొక్కి వచ్చేస్తే కొన్ని ఫోన్లలో సేవ్ కాదు. ఆఖరున కొత్తదాని పక్కన చుక్క పెట్టి ఫోన్ రీస్టార్ట్ చేయండి.

కాకినాడ_మాస్టారు · ఆదివారం ఉదయం 9:30

వచ్చాయి! రీస్టార్ట్ అయ్యీ కాకముందే టింగు టింగుమంటూ వరసబెట్టి దిగాయి. హాలోవీన్ ఫొటో చూశాను. మా మనవరాలు మంత్రగత్తె, పక్కింటి కుర్రాడు అరటిపండు. గులాబీ కూడా వెళ్ళింది. నలుగురు హృదయాలు పెట్టారు. చిరంజీవ ఆస్టిన్ బాబూ.

పాతవి కొన్ని మాత్రం ఇంకా బాణాలుగానే ఉన్నాయి. ఇంకొకటి: వచ్చిన ఫొటో పెద్దది చేసి చూస్తే మొహాలు అలుక్కుపోయి ఉన్నాయి. మా అమ్మాయి ఐఫోన్లో అదే ఫొటో అద్దంలా ఉంది. ఇదేం పక్షపాతం?

టవర్_తాత · ఆదివారం ఉదయం 10:15

పాతవాటి మీద ఆశ వదిలేయండి. ఎంఎంఎస్ సెంటర్ వాటిని కొన్ని రోజులే ఉంచుతుంది, తర్వాత చెరిపేస్తుంది. పంపినవాళ్ళని మళ్ళీ పంపమనండి.

మసక గురించి. ఇప్పటి ఫోను కెమెరా మామూలుగా తీసే 12 మెగాపిక్సెల్ ఫొటో అంటే 4032 అడ్డం, 3024 నిలువు చుక్కలు. ఫైలు రెండు నుంచి ఐదు ఎంబీ. ఎంఎంఎస్‌కి కంపెనీలు పెట్టిన హద్దు ఒకచోట 300 కేబీ, ఒకచోట 600, ఇంకోచోట ఒక ఎంబీ చుట్టూ. దాటితే తీసుకోవు. అందుకని పంపే ఫోనే ముందుగా పిండేస్తుంది. వీడియో అయితే మరీ అన్యాయం. ఐఫోన్లో మామూలు హెచ్‌డీ వీడియో నిమిషానికి 60 ఎంబీ దాకా ఉంటుంది. దాన్ని ఆ హద్దులో కూరాలంటే మిగిలేది కదిలే మచ్చలే. ఎంఎంఎస్‌లో వీడియో పంపడం మానుకోండి, లింకు పంపండి.

మీ అమ్మాయికి స్పష్టంగా ఎందుకుందంటే, పంపినవాళ్ళదీ ఐఫోనే అయి, విడిగా ఆమెకూ పంపి ఉంటారు. రెండూ ఆపిల్ ఫోన్లయితే అది టెక్స్ట్ మెసేజే కాదు, ఐమెసేజ్. 2011 నుంచి ఉంది, ఇంటర్నెట్ మీదుగా పోతుంది, ఇంత పిండడం ఉండదు. గ్రూపులో ఒక్క ఆండ్రాయిడ్ చేరినా గ్రూపు మొత్తం ఎంఎంఎస్‌కి దిగిపోయేది. అంటే మాస్టారూ, మీరు చేరాక అందరి ఫొటోలూ మసకబారి ఉండొచ్చు. అమెరికావాళ్ళ మర్యాదకి మెచ్చుకోవాలి, ఎవరూ అనలేదు.

నెల్లూరు_వదిన · ఆదివారం ఉదయం 10:40

తాతగారూ, భయపెట్టకండి ఆయన్ని! ఇప్పుడు ఆర్‌సీఎస్ వచ్చింది కదా, ఇంటర్నెట్ మీదుగా పోయే కొత్తరకం టెక్స్ట్ మెసేజ్. 2024 సెప్టెంబరులో ఐఓఎస్ 18తో ఆపిల్ కూడా ఒప్పుకుంది. ఐఫోన్‌కీ ఆండ్రాయిడ్‌కీ మధ్య ఫొటోలు శుభ్రంగా పోతాయి, వైఫై మీద కూడా పనిచేస్తుంది. మాస్టారు గారూ, మీ గూగుల్ మెసేజెస్‌లో పైన మీ బొమ్మ నొక్కి, మెసేజెస్ సెట్టింగ్స్‌లో "ఆర్‌సీఎస్ చాట్స్" తెరిచి ఆన్ చేయండి. "కనెక్టెడ్" అని రావాలి. ఐఫోన్ వాళ్ళకైతే సెట్టింగ్స్, యాప్స్, మెసేజెస్‌లో ఉంటుంది. మా కిట్టీ పార్టీ గ్రూపులో అందరిదీ నేనే కూర్చోబెట్టి చేయించా. ఇప్పుడు చీర అంచు జరీ కూడా కనిపిస్తోంది.

అన్నట్టు, ఐఫోన్ ఉన్నవాళ్ళు అక్కడే "లో క్వాలిటీ ఇమేజ్ మోడ్" ఆన్‌లో ఉందేమో చూసుకోండి. ఎప్పుడో డేటా ఆదాకి పెట్టి మరిచిపోయి ఉంటారు.

ఆస్టిన్_కుర్రాడు · ఆదివారం ఉదయం 11:02

వదినా, రెండు షరతులు. మీ సిమ్ కంపెనీ ఆర్‌సీఎస్ ఇస్తుండాలి, ముఖ్యంగా ఐఫోన్ వైపు. ఐఓఎస్ 18 గానీ ఆపైది గానీ ఉన్న ఐఫోన్లో ఆ మీట కనిపించకపోతే కంపెనీ ఇవ్వట్లేదని అర్థం, ఫోన్ని తిట్టి లాభం లేదు. రెండు, గ్రూపులో ఆర్‌సీఎస్ లేనివాళ్ళు ఒక్కరున్నా గ్రూపు మళ్ళీ ఎంఎంఎస్సే. పాత గ్రూపు తనంతట మారకపోతే కొత్తది పెట్టమనండి. మెసేజ్ రాసే గడిలో ఏ పేరు ఉందో చూస్తే ఏ దారిలో పోతోందో తెలిసిపోతుంది: "ఆర్‌సీఎస్ మెసేజ్" అనో "టెక్స్ట్ మెసేజ్" అనో ఉంటుంది.

ఓరుగల్లు_పోరడు · ఆదివారం ఉదయం 11:20

ఇంత కథ అయితాంది గని వాట్సాప్ల ఒక్కటి నొక్కితే అయిపోవు. ఏపీఎన్ లేదు, కామా లేదు, తాత చీటీ లేదు.

టవర్_తాత · ఆదివారం ఉదయం 11:48

నాయనా, వాట్సాప్ కూడా ఫొటోని పిండే పంపుతుంది. నువ్వు చూసేది ఫోను తెర మీద కాబట్టి తెలియదు, స్టూడియోకి తీసుకెళ్ళి ఆల్బమ్‌కి ప్రింటు వేయించు, అప్పుడు తెలుస్తుంది. 2023లో హెచ్‌డీ మీట ఇచ్చారు, అదీ అసలు సైజు కాదు. ఉన్నదున్నట్టు పోవాలంటే డాక్యుమెంట్‌గా జతచేయాలి. అలా పంపితే ఫొటోలో దాగిన లొకేషన్ కూడా వెంట పోతుందన్నది మనసులో పెట్టుకో. ఇల్లు అమ్మకానికి పెట్టి ఫొటోలు పంపేవాళ్ళకి పరవాలేదు గానీ, చిన్నపిల్లల ఫొటోలు తెలియనివాళ్ళకి అలా పంపకూడదు.

కొత్తిల్లు_కోడలు · ఆదివారం మధ్యాహ్నం 2:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. అద్దె ఇంటి ఏజెంటు నా పాస్‌పోర్టు, పే స్లిప్ ఫొటోలు టెక్స్ట్ చేయమంటున్నాడు. చేయొచ్చా? ఐఫోన్ నాది, అతనిది ఆండ్రాయిడ్.

టవర్_తాత · ఆదివారం మధ్యాహ్నం 2:40

వద్దమ్మా. ఎస్ఎంఎస్, ఎంఎంఎస్ రెండింటికీ ఆ చివర నుంచి ఈ చివర దాకా తాళం లేదు, మధ్యలో కంపెనీ సర్వర్లో విప్పి ఉన్నట్టే. పైగా అతని ఫోను గ్యాలరీలో నీ పాస్‌పోర్టు ఎన్నేళ్ళు పడి ఉంటుందో ఎవరు చెప్పగలరు. వాళ్ళ ఆఫీసుకి దరఖాస్తు పోర్టల్ ఉందేమో అడుగు. లేదంటే డ్రైవ్‌లో పెట్టి, అతని ఈమెయిలుకి మాత్రమే తెరుచుకునేలా షేర్ చేసి, పని కాగానే తీసేయి. పేపర్ల మీద ఇల్లు అద్దె కోసమని, తేదీతో సహా అడ్డంగా రాసి ఫొటో తీస్తే మరీ మంచిది. ఈ రెండూ కుదరనివ్వకుండా "ఇప్పుడే టెక్స్ట్ చెయ్" అని తొందరపెడితే ముందు ఆ మనిషి నిజంగా ఏజెంటేనా అని చూడు.

సీమ_సత్తెన్న · సోమవారం ఉదయం 6:30

పాప అడిగింది మంచి మాట. ఇక్కడ మనోళ్లకు కూడా ఒక మాట. పెండ్లి పత్రిక ఫోటో అని చెప్పి చివర్లో "ఏపీకే" అని ఉండే ఫైలు పంపుతాండారు. ఫోటో యాడైనా ఇన్‌స్టాల్ అడుగుతాదా? అడిగిందంటే అది ఫోటో కాదు, దొంగ యాప్. మా షాపుకు వచ్చేటోళ్లకు రోజూ ఇదే చెప్తాండా.

కాకినాడ_మాస్టారు · సోమవారం సాయంత్రం 5:50

ఆర్‌సీఎస్ "కనెక్టెడ్" అని వచ్చింది. పొద్దున బస్ స్టాపులో అరటిపండు వాళ్ళమ్మ చేత కొత్త గ్రూపు పెట్టించాను. ఒకాయనది మాత్రం మూతపెట్టే పాత ఫోను, అందువల్ల ఆ గ్రూపు ఎంఎంఎస్‌గానే ఉండిపోయింది. పాపం, ఆయన్ని తీసేయమని ఎలా అంటాం. మసకైనా అలాగే కానిద్దాం అన్నారు అందరూ.

ఇంకో సందేహం. ఈ గులాబీని కాకినాడలో మా తమ్ముడి నంబరుకి ఇక్కడి నుంచి ఇలాగే టెక్స్ట్ చేయొచ్చా?

ఆస్టిన్_కుర్రాడు · సోమవారం సాయంత్రం 6:15

చేయకండి. మీ ప్లానులో ఉచితం అన్నది సాధారణంగా అమెరికా లోపలికే. దేశం దాటే ఎంఎంఎస్‌కి విడిగా ఛార్జీ పడొచ్చు, అవతలి కంపెనీ తీసుకోకపోతే డబ్బు పోయి ఫొటో చేరదు. తమ్ముడుగారికి వాట్సాపే. ఓరుగల్లు అన్న సంతోషిస్తాడు.

ఇంకొకటి, ఐఫోన్ వదిలి ఆండ్రాయిడ్‌కి మారేవాళ్ళు ఎవరైనా ఈ పేజీ చదువుతుంటే: సిమ్ తీసేముందు పాత ఫోన్లో ఐమెసేజ్ ఆపండి. లేకపోతే స్నేహితుల ఐఫోన్లు మీ నంబరుకి ఐమెసేజ్‌లే పంపుతుంటాయి, మీకు ఒక్కటీ రాదు. పాత ఫోను అమ్మేశాక గుర్తొస్తే ఆపిల్ సైట్లో "డీరిజిస్టర్ ఐమెసేజ్" పేజీ ఉంది. నంబరు ఇస్తే కోడ్ వస్తుంది, అది కొడితే సరి.

ఓరుగల్లు_పోరడు · సోమవారం సాయంత్రం 6:21

😎 మాస్టారూ, తమ్మునికి హెచ్‌డీ మీట నొక్కి పంపున్రి.